వదిలి వెళ్లిన ఐదుగురి లెక్క: గుంటూరు కారం యూనిట్‌లో బధిర కార్మికుల కేస్ స్టడీ

నేపథ్యం

గుంటూరు పరిసరాల్లో కారం, మసాలా పొడులు తయారు చేసి ప్యాక్ చేసే ఒక యూనిట్‌లో 2025లో జరిగిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. యూనిట్‌నూ మనుషులనూ గుర్తు పట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్నింటిని వదిలేశాను. ఏ నిర్ణయం ముందు తీసుకున్నాం, ఏది తర్వాత, ఎందుకు అన్న క్రమాన్ని మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను. చిన్న పరిశ్రమలకు ఉద్యోగ నియామకాలు, కూలి విధానాల విషయంలో సలహాలివ్వడం నా వృత్తి.

ఆ యూనిట్‌లో అరవై మందికి పైగా పనిచేస్తారు, వారిలో ఎక్కువ మంది మహిళలు. మిర్చి యార్డులో కొన్న సరుకు కోల్డ్ స్టోరేజీ నుంచి వస్తుంది. దాన్ని తొడిమలు తీసి, ఆరబెట్టి, మర ఆడించి, జల్లించి పాకెట్లలో నింపుతారు. కూలీల కొరత ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేలల్లో మిరప కోతలు జరుగుతాయి. ఆ రోజుల్లో కోత కూలి ప్యాకింగ్ కూలిని మించుతుంది, రైతులు ఆటోలు పంపి మరీ మనుషులను తీసుకెళ్తారు. సరిగ్గా అప్పుడే ఆవకాయల కాలం దగ్గర పడి కారానికి గిరాకీ పెరుగుతుంది. అంటే యూనిట్‌కు మనుషులు ఎక్కువగా కావలసిన నెలల్లోనే మనుషులు దొరకరు.

ఈ కొరత తీర్చుకోవడానికి యజమాని 2025 సంక్రాంతి తర్వాత ఎనిమిది మంది బధిర యువతీయువకులను ప్యాకింగ్ లైన్లలోకి తీసుకున్నారు. సరుకు కొనే పెద్ద సంస్థ ఒకటి తనిఖీ పత్రంలో సమాన అవకాశాల విధానం గురించి అడగడం ఇంకో కారణం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా అలాంటి విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు అందులో ఏమేమి చేర్చాలో 2017 నాటి నియమాలు చెబుతాయి. ఈ యూనిట్‌లో ఆ కాగితం లేదు. ఈ రెండు కారణాలనూ యజమాని దాచకుండా చెప్పారు. మూడోది మాటల మధ్యలో బయటపడింది: "వీళ్లయితే కోతలకు పోరు మేడమ్, ఒకసారి కుదురుకుంటే ఎక్కడికీ పోరు." ఈ కేసులో ఎదురైన చిక్కులు చాలావరకు ఆ మూడో కారణంలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

ఎదురైన సమస్య

ఏప్రిల్ మూడో వారం నాటికి ఎనిమిది మందిలో ఐదుగురు పని మానేశారు. ఎవరూ కారణం చెప్పలేదు, ఇద్దరు జీతం బాకీ కూడా తీసుకోలేదు. యజమాని నన్ను పిలిచేటప్పటికి మనసు కష్టపెట్టుకుని ఉన్నారు. ఉద్యోగం ఇచ్చినా నిలబడలేదన్నది ఆయన బాధ. లైన్ సూపర్‌వైజర్, పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్న ఆవిడ, ఇంకో మాట అన్నారు: "వాళ్ల చేతిలో పని వంక పెట్టేట్టు లేదండీ. కానీ వాళ్లున్న లైన్‌కి పెట్టెలు తగ్గుతున్నాయి, మిగతా వాళ్లు నా మీద పడుతున్నారు."

ఇద్దరివీ నిజాయితీగా చెప్పిన మాటలే, అయినా రెండూ పొసగవు. పని బాగుంటే పెట్టెలు ఎందుకు తగ్గాలి? అక్కడి నుంచి మొదలుపెట్టి ఉండాల్సింది. నేను అలా చేయలేదు.

మొదటి ప్రయత్నాలు, అవి విఫలమైన తీరు

నేను వెళ్లేలోపే యజమాని ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయుడిని పిలిపించి సిబ్బందికి రెండు రోజులు తరగతులు పెట్టించారు. నమస్కారం, నీళ్లు, భోజనం, బాగున్నావా వంటి సైగలు అందరూ ఉత్సాహంగా నేర్చుకున్నారు. వారం తిరిగేసరికి వాడకం ఆగిపోయింది. లైన్ దగ్గర నిలబడి చూస్తే కారణం తెలిసింది. ఘాటుకు తట్టుకోలేక అందరూ ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ కట్టుకుంటారు, మంట పుట్టకుండా చేతులకు తొడుగులు వేసుకుంటారు. పెదవుల కదలిక కనిపించదు, ముఖ కవళికల్లో సగం కనిపించవు, పాకెట్లు అందుకుంటున్న చేతులకు సైగ చేసే తీరిక ఉండదు. సంజ్ఞా భాషలో ముఖ కవళికలు వ్యాకరణంలో భాగం. అడుగుతున్నారా, చెబుతున్నారా అన్నది చాలాసార్లు కనుబొమలే తేలుస్తాయి. కారం గదిలో ఆ వ్యాకరణం గుడ్డ వెనక ఉండిపోయింది. తరగతి గది భాష వేరు, లైన్ దగ్గర పని వేరు.

రెండో ప్రయత్నం నాది. నోటితో చెప్పేవన్నీ రాతలో పెడితే సరిపోతుందని అనుకున్నాను. షిఫ్టు మార్పులు, ఓటీ (అదనపు గంటల పని), సెలవులు అన్నీ రోజూ తెలుగులో రాసే బోర్డు పెట్టించాను. మిగిలిన ముగ్గురూ బోర్డు ముందు నిలబడి చూసి తల ఊపేవారు. అయినా "శనివారం ఓటీ ఉన్నవారు శుక్రవారం సాయంత్రంలోగా పేరు చెప్పాలి" అన్న వాక్యం చదివాక ముగ్గురిలో ఇద్దరు శుక్రవారమే రాత్రి దాకా ఉండిపోయారు. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు తెలుగు చెవిన పడి వచ్చే భాష కాదు. బడిలో సంజ్ఞా భాష ద్వారా సరైన బోధన దొరకకపోతే, చదివిన పదాలకు అర్థం తెలిసినా విభక్తులూ క్రియారూపాలూ కలిసిన పొడవాటి వాక్యం వారికి రెండో భాషలోని వాక్యంలాగే మిగిలిపోతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. వాళ్లు తల ఊపడాన్ని అర్థమైనట్టుగా తీసుకున్నాను. అర్థం కాలేదని చెబితే ఉన్న పని కూడా పోతుందేమోనన్న భయంతో మనిషి తల ఊపుతాడని ఆలోచించి ఉండాల్సింది.

వెళ్లిపోయినవారి ఇళ్లకు

రెండు ప్రయత్నాలూ ఫలించకపోవడంతో, ఉన్నవారి కంటే వెళ్లిపోయినవారే ఎక్కువ చెప్పగలరని అనిపించింది. యజమాని మొదట ఒప్పుకోలేదు. బతిమాలినట్టుంటుందని ఆయన సంకోచం. తిరిగి రమ్మని ఒక్క మాటా అనను, కారణం మాత్రమే అడుగుతాను, ఎవరు ఏమన్నారో పేరుతో మీకు చెప్పను అన్న షరతుల మీద ఒప్పుకున్నారు. యూనిట్‌తో సంబంధం లేని దుబాసీని వెంట తీసుకెళ్లాను. ఇంట్లోవాళ్లు మధ్యలో కల్పించుకుని తామే జవాబు చెప్పడం ప్రతిచోటా జరిగింది. అందుకే ప్రతి ఇంట్లోనూ కనీసం అరగంట సేపు ఆ యువకుడితోనో యువతితోనో విడిగా కూర్చున్నాం.

ఒకరు పెళ్లి కుదిరి ఊరు మారారు, అందులో వెతకాల్సింది లేదు. మిగతా నలుగురి మాటల్లో మూడు విషయాలు తేలాయి.

మొదటిది డబ్బు పంపకం. ప్యాకింగ్ లైన్‌లో ఆరుగురికి కలిపి పీస్ రేటు: పెట్టెకు ఇంత అని లెక్కగట్టి వచ్చిన మొత్తాన్ని ఆరుగురూ పంచుకుంటారు. పెట్టెలు తగ్గితే అందరి కూలీ తగ్గుతుంది. తగ్గిన రోజున లైన్‌లో మాటా మాటా పెరుగుతుంది. ఏమంటున్నారో వినపడకపోయినా, వేళ్లు తమ వైపు చూపిస్తున్నారని వీరికి కనిపిస్తూనే ఉంటుంది. ఒక యువకుడు ఆ దృశ్యాన్ని నాకు చేసి చూపించాడు: అయిదుగురి ముఖాలు, అయిదుగురి చేతులు, చివరికి తన వైపు తిరిగిన సూపర్‌వైజర్ చూపు. దుబాసీ అనువదించాల్సిన అవసరం రాలేదు.

రెండోది ఆవరణ. సరుకు లారీలు వెనక్కి వచ్చేటప్పుడు హారన్ మీదే ఆధారపడతాయి. మార్చిలో ఒక అమ్మాయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ సంగతి యజమానికి చేరనే లేదు. ఆమె తండ్రి మర్నాటి నుంచి పంపలేదు.

మూడోది పెన్షన్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది యూనిట్ గోడల లోపల తీరే సమస్య కాదు.

పెన్షన్, జీతం: ఇద్దరు మనుషుల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ 2024 జూలైలో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పేద కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పైగా అది కోతలున్నా లేకున్నా, ఒంట్లో బాగున్నా లేకున్నా నెల మొదట్లో చేతికి వచ్చే డబ్బు. కుటుంబ ఆదాయాన్ని బట్టి అర్హత తేల్చే నిబంధనలు ఉన్నాయి కాబట్టి, పీఎఫ్‌లో (భవిష్య నిధిలో) పేరు చేరితే పెన్షన్ పోతుందన్న మాట ఊళ్లో ఉంది. ఆ ఏడాదే వైకల్య ధ్రువపత్రాల పునఃపరిశీలన కూడా సాగుతుండటంతో భయం ఇంకా పెరిగింది.

పని మానేసిన ఒక యువతి నోటుబుక్కులో లెక్క వేసి చూపించింది. నెలకు 12,000 జీతమైతే పీఎఫ్ 12 శాతం కింద 1,440, ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) 0.75 శాతం కింద 90 పోగా చేతికి 10,470 వస్తుంది. రోజుకు 40 రూపాయల ఆటో ఖర్చు, 26 రోజులకు 1,040 తీసేస్తే 9,430. పెన్షన్ పోతుందనుకుంటే ఇంకో 6,000 తగ్గుతుంది. మిగిలేది 3,430. నెలంతా ఘాటులో నిలబడి చేసే పనికి నికరంగా మిగిలేది అది. పీఎఫ్ సొమ్ము ఎక్కడికీ పోదు, ఆమె ఖాతాలోనే ఉంటుందని నేను చెప్పాను. ఆమె ఒప్పుకుంది, అయినా ఈ నెల ఇంటి ఖర్చుకు అది రాదు కదా అంది. ఆమె లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

వికలాంగుల ఉపాధి గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా వదిలేసే సంగతి ఇది. జాతీయ నమూనా సర్వే 2018 విడతలో, 15 ఏళ్లు దాటిన వికలాంగుల్లో పనిచేస్తున్నవారూ పని వెతుకుతున్నవారూ కలిపి 23.8 శాతమే ఉన్నారు. మిగతావారు నిరుద్యోగుల లెక్కలోకి కూడా రారు, ఎందుకంటే వారు పని వెతకడం లేదు. వెతకకపోవడానికి అనాసక్తి కారణమని అనుకోవడం సులువు. నా ముందున్న నోటుబుక్కులో అనాసక్తి లేదు, కూడికలూ తీసివేతలూ ఉన్నాయి.

ఇక్కడ యజమాని ఒక దారి చూపారు. పేర్లు మస్టరులో (హాజరు పట్టీలో) ఎక్కించకుండా చేతికి నగదు ఇస్తే పెన్షన్ నిలుస్తుంది, వాళ్లకూ అదే ఇష్టం, మనకేం నష్టం అని అడిగారు. ఆయన మాట దురుద్దేశంతో అన్నది కాదు, ఆ కుటుంబాల్లో కొందరు నిజంగానే అదే కోరారు. నేను ఒప్పుకోలేదు. యంత్రం దగ్గర వేలు నలిగినా, లారీ తగిలినా మస్టరులో లేని మనిషికి ఈఎస్‌ఐ చికిత్స గానీ పరిహారం గానీ దక్కించుకోవడం చాలా కష్టం. వినికిడి లేని మనిషి ఆ కార్యాలయాల చుట్టూ తిరిగి తాను అక్కడ పనిచేశానని రుజువు చేసుకోవడం మరీ కష్టం. ఎవరికి ప్రమాదం ఎక్కువో వారికే రక్షణ తీసేయడం అవుతుంది. పైగా ఇది చట్టవిరుద్ధం. ఈ ఒక్క విషయంలో రాజీ పడేట్టయితే నేను ఈ పని నుంచి తప్పుకుంటానని చెప్పాను.

దానికి బదులు చేసిన పని నెమ్మదిగా సాగింది. ప్రతి కుటుంబం తరఫునా వార్డు లేదా గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించాం: ఈ జీతంతో ఉద్యోగంలో చేరితే మా ఇంటి పెన్షన్, బియ్యం కార్డు ఏమవుతాయో రాతపూర్వకంగా తెలియజేయండి అని. ఇంట్లో ఎవరి ఆదాయం ఎంత, కార్డులో ఎవరెవరి పేర్లున్నాయి అన్నదాన్ని బట్టి ఒక్కో ఇంటికి ఒక్కో జవాబు వచ్చింది. కొందరి భయం నిరాధారమని తేలింది, కొందరిది నిజమేనని తేలింది. జవాబు ఏదైనా నిర్ణయం వారిదేనని చెప్పాం. జీతం, కోతలు, ప్రయాణం, పెన్షన్ అన్నీ అంకెల్లో చూపే ఒక పేజీని ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చాం.

యజమానికి కూడా లెక్క చూపించాను. బీమా, భవిష్య నిధి వర్తించే వికలాంగ ఉద్యోగులకు యజమాని వాటాను మొదటి కొన్నేళ్లు కేంద్రం భరించే పథకం 2008లో వచ్చింది. 12,000 జీతం మీద ఈఎస్‌ఐ వాటా 3.25 శాతం చొప్పున 390, పీఎఫ్ వాటా 1,440. ఆయన దాని పేరే వినలేదు. నా అనుభవంలో చిన్న యూనిట్ల యజమానులు ఎక్కువ మంది విని ఉండరు. చట్టం 35వ సెక్షన్ ప్రైవేటు రంగంలో కనీసం 5 శాతం మంది వికలాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వమంటుంది. ప్రోత్సాహకం ఉందని తెలియని యజమానికి అది లేనట్టే.

పనిచేసిన మార్పులు

పెట్టెలు ఎందుకు తగ్గుతున్నాయన్న ప్రశ్నకు అప్పుడు తిరిగి వచ్చాను. ఆరు రోజులు రెండు లైన్ల దగ్గర కూర్చుని, లైన్ ఆగిన ప్రతిసారీ సమయమూ కారణమూ రాసుకున్నాం. మొత్తం 71 సార్లు ఆగితే, పిలుపు వినపడక బధిర కార్మికుల దగ్గర పని చిక్కుకున్నవి 9. మిగతావన్నీ ఫిల్మ్ రోల్ అయిపోవడం, అట్టపెట్టెలు అందకపోవడం, తూకం సరిచేయడం వల్ల వచ్చినవే. ఆ 9 సార్లలోనూ జరిగింది ఒకటే: రోల్ మారుస్తున్నామని యంత్రం దగ్గరి మనిషి అరుస్తాడు, వినపడినవారు చేయి ఆపుతారు, వినపడనివారి ముందు సగం సీలైన పాకెట్లు పోగుపడతాయి. అందరి కళ్లకూ కనిపించేది ఆ పోగే. పెట్టెలు అందక ఇరవై నిమిషాలు ఖాళీగా నిలబడ్డ సంగతి ఎవరి ఖాతాలోనూ పడదు. ఆ కాగితం చూశాక సూపర్‌వైజర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అట్టపెట్టెల వరస మార్చింది ఆవిడే.

యంత్రాలపై మూడు రంగుల దీపాలు పెట్టించాం: పచ్చ వెలిగితే నడుస్తున్నట్టు, పసుపు వెలిగితే రోల్ దగ్గర పడినట్టు, ఎరుపు వెలిగితే ఆగినట్టు. నోటికి గుడ్డ కట్టుకుని యంత్రాల హోరులో పనిచేసే మిగతావారికి కూడా అరుపులు సరిగా వినపడేవి కావని అప్పుడే తెలిసింది. లారీలు వెనక్కి వచ్చే చోట నడక దారిని పసుపు గీతలతో వేరు చేసి, లారీ కదిలేటప్పుడు వెలిగే దీపం పెట్టి, ఒక మనిషిని నిలిపాం.

కూలి విధానం మార్చడం అన్నింటికంటే కష్టమైంది. బధిరులందరినీ కలిపి వేరే లైన్ పెడదామని యజమాని అన్నారు. గొడవలు తగ్గేవి, నిజమే. కానీ రేపు ఆ లైన్‌కు పెట్టెలు అందకపోతే అడిగేవారుండరు, అది వాళ్ల లైన్ అన్న పేరు శాశ్వతంగా పడిపోతుంది. నేను దానికి పూర్తి విరుద్ధంగా, లైన్‌కు ఒక్కరి చొప్పున ఉంచాలన్నాను. దాన్ని తిరస్కరించింది ఆ ముగ్గురే. ఎనిమిది గంటలు ఒక్క మాటా పంచుకునే మనిషి లేకుండా ఎలా ఉంటామని అడిగారు. కలుపుకోవడం అంటే చెదరగొట్టడం కాదని అప్పుడు గ్రహించాను. చివరికి లైన్‌కు కనీసం ఇద్దరు, ఎప్పుడూ ఒంటరిగా కాదు అన్న పద్ధతి కుదిరింది. కూలిని షిఫ్టు జీతంగా మార్చి, లక్ష్యం దాటిన పెట్టెలకు మాత్రమే అదనపు సొమ్ము పెట్టాం. రోల్, పెట్టెలు అందక ఆగిన సమయాన్ని లక్ష్యంలోంచి తీసేశాం. మొదటి నెల చేయి వేగం ఉన్న కొందరి కూలి తగ్గింది, వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వారి మాటలో న్యాయం ఉంది కాబట్టి రెండో నెల నుంచి లక్ష్యాన్ని కొంచెం తగ్గించాం.

బోర్డు తీసేయలేదు, వాక్యాలు తీసేశాం. తేదీ, గడియారం బొమ్మ, అంకె, రంగు మాత్రమే ఉంటాయి. ముఖ్యమైన సంగతులను బధిర కార్మికుల్లోనే ఒకరు సైగల్లో చిన్న వీడియోగా తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఆ పనికి నెలకు విడిగా సొమ్ము ఇస్తారు. ఊరికే సాయం చేయమని అడిగి ఉంటే మొదటి నెలకే ఆగిపోయేదని నా నమ్మకం.

ఇప్పటి స్థితి, మిగిలినవి

2025 డిసెంబరు నాటికి ఆ ముగ్గురూ ఉన్నారు, వెళ్లిన ఐదుగురిలో ఇద్దరు తిరిగి వచ్చారు, కొత్తగా నలుగురు చేరారు. కొత్తవారిని తెచ్చింది పాతవారే. లారీ సంఘటన జరిగిన అమ్మాయి తండ్రి పసుపు గీతలు వచ్చి చూసి వెళ్లారు, అయినా పంపలేదు. నోటుబుక్కులో లెక్క వేసిన యువతి కూడా రాలేదు. సచివాలయం జవాబులో ఆమె భయం నిజమేనని తేలింది, ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటోంది. ఆమెను ఒప్పించే ప్రయత్నం నేను చేయలేదు. జీతం పెరిగేకొద్దీ పెన్షన్ క్రమంగా తగ్గే ఏర్పాటు గానీ, ఉద్యోగం పోతే వెంటనే తిరిగి వస్తుందన్న రాతపూర్వక హామీ గానీ ఉంటే ఆమె లెక్క మారేది. ఆ మాటను ఈ కేసు వివరాలతో సహా జిల్లా అధికారులకు లేఖగా పంపాం.

ఇలాంటి పని మొదలుపెట్టే తోటివారికి నేను చెప్పేది: మానేసినవారి దగ్గరికి ముందు వెళ్లండి, నేను ఐదు వారాలు ఆలస్యంగా వెళ్లాను. ఏ యజమాని అయినా వీళ్లు ఎక్కడికీ పోరని అంటే, అక్కడే ఆగి ఆ మాట గురించి మాట్లాడండి. పోలేరన్న నమ్మకం ఉన్నచోట ఎవరూ లారీ దారికి గీతలు గీయరు.

మిరప కోతలు త్వరలో మళ్లీ మొదలవుతాయి. నిరుడు మనుషులు జారిపోయింది మార్చి, ఏప్రిల్‌లలోనే. ఈసారి ఆ రెండు నెలల మస్టరు చూసి, ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఎందుకు వెళ్లారో రాసిన తర్వాతే ఈ కేసు ఫైలు మూస్తాను.